రెండో ఆల్బమ్‌లో ఆఖరి పాట

తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ అమెరికాలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రామ్‌ని ముందేసుకుని, ఇది ఎక్కడ చెడిపోతుందా అని రోజంతా చూసి, దొరికిన ప్రతి లోపాన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుసగా రాస్తాను. నంబరు, వివరం, తీవ్రత, ఎవరు సరిచేయాలి, స్టేటస్. తీవ్రత ఒకటి అంటే అన్నిటికన్నా పెద్ద తప్పు. ఈ పనిలో ఒక రూల్ ఉంది: తప్పు సరిచేసినవాడు ‘చేశాను’ అని మాత్రమే రాయగలడు. ఆ వరుసను ఓపెన్ చేసినవాడే మళ్ళీ పరీక్షించి చూసి క్లోజ్ చేయాలి. ఇంకెవరూ చేయకూడదు.

ఈ రోగం నేను ఇంటికి కూడా తెచ్చుకున్నాను. మా అమ్మాయి మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడు దాని పేరున ఒక షీట్ మొదలుపెట్టాను. ‘గదిలో తడి టవల్ నేల మీద. తీవ్రత: రెండు.’ ‘డిష్‌వాషర్ ఖాళీ చేయలేదు. తీవ్రత: ఒకటి.’ పని చేశాక అది వచ్చి నన్ను పిలవాలి, నేను చూసి క్లోజ్ చేయాలి. ఇంటికి వచ్చిన స్నేహితులకు ఆ షీట్ చూపించి నవ్వించేవాణ్ణి. అది నవ్వేది కాదు. ఒక్కగానొక్క పిల్ల. దాన్ని బాగా పెంచుతున్నానని అనుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కాలేజీ రెండో ఏడాదిలో దానికి రక్తంలో క్యాన్సర్ అని తెలిసింది. హాస్టల్ ఖాళీ చేసి మోరిస్‌విల్‌లో మా ఇంటికి వచ్చేసింది. ఆ మొదటిసారి ఇక్కడి మా తెలుగువాళ్ళంతా కదిలారు. వాట్సాప్‌లో వంటల లిస్టు పెట్టారు. సోమవారం ఎవరు, మంగళవారం ఎవరు అని. పులిహోర, పప్పుచారు, మెత్తటి ఇడ్లీలు డబ్బాల్లో గుమ్మం ముందు పెట్టి వెళ్ళేవారు. గుడిలో దాని పేరున హోమం చేయించారు. ఎనిమిది నెలలకు తగ్గింది. జుట్టు వచ్చింది. తిరిగి కాలేజీకి వెళ్ళింది.

పద్నాలుగు నెలలకు మళ్ళీ వచ్చింది. ఈసారి వంటల లిస్టులో సగం రోజులు ఖాళీగానే ఉండిపోయాయి. నేనెవరినీ తప్పుపట్టను. అంటే, ఆ రోజుల్లో పట్టాను, పేరుపేరునా పట్టాను, పళ్ళు నూరుకున్నాను. మా అమ్మాయి మాత్రం ఆ లిస్టు చూసి నవ్వేసింది.

“ఇది నా సెకండ్ ఆల్బమ్ నాన్నా. అందరూ ఫస్ట్‌దే బాగుంది అంటారు.”

ఆల్బమ్ అనడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో అది ఒకే ఒక్క ఆల్బమ్ వినేది. లండన్‌లో పుట్టి పెరిగిన ఒక హిప్ హాప్ కళాకారుడిది, అతని రెండోది. మొదటి ఆల్బమ్‌తో దేశమంతా అతని పేరు మోగిపోయిందట. రెండోది వచ్చాక అభిమానులే పెదవి విరిచారట. చప్పగా ఉందని, మునుపటి కోపం లేదని.

ఆసుపత్రికి వారానికి మూడు రోజులు వెళ్ళాలి. ఉదయం ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు. నేను డ్రైవింగ్, అది నా పక్కన, మా ఆవిడ వెనక సీట్లో. వాంతి సంచులు, అల్లం బిళ్ళలు, దుప్పటి ఆవిడ దగ్గర. అంతకుముందు మా కార్లో ఏం మోగాలో నేనే నిర్ణయించేవాణ్ణి. పొద్దున విష్ణు సహస్రనామం, సాయంత్రం పాత సినిమా పాటలు. జబ్బు తిరగబెట్టాక మా ఆవిడ ఒక్క మాటతో నా పెత్తనం తీసేసింది. సూదులు పొడిపించుకునేది అది కాబట్టి పాటలు కూడా అదే పెట్టుకుంటుంది అంది.

మొదటి రోజు రెండో పాట సగంలోనే నాకు చిర్రెత్తుకొచ్చింది. పాటకు నాలుగు బూతులు. అదీగాక ఆ లండన్ యాసలో సగం మాటలు అర్థం కావు, అర్థమైనవన్నీ బూతులే.

“ఆపమ్మా. పొద్దున్నే ఇదేం సంత?”

“నువ్వు వినలేదు కదా నాన్నా ఇంకా. టెస్ట్ చేయకుండా ఎలా రిజెక్ట్ చేస్తావ్?”

దెబ్బ సరైన చోట కొట్టింది. టెస్టర్‌ని పట్టుకుని అనాల్సిన మాట అదొక్కటే. ఆ శనివారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పక్కన లాప్‌టాప్ తెరుచుకుని, ఆల్బమ్ మొత్తం ఆఫీసు పని చేసినట్టే విన్నాను. ‘రెండో పాట: సొంత తండ్రిని పేరు పెట్టి తిట్టాడు. తీవ్రత: ఒకటి.’ ‘నాలుగో పాట: ఒకే వాక్యం పదకొండుసార్లు. అవసరమా?’ ‘ఆరో పాట: మధ్యలో వాద్యాలు ఆగిపోయి ఊపిరి శబ్దం మాత్రమే వస్తోంది. రికార్డింగ్ లోపం కావచ్చు.’ ‘తొమ్మిదో పాట: ఏడుస్తూ పాడాడు. మాటలు తెలియడం లేదు.’ చివరి వరుస నాకు బాగా గుర్తుంది. ‘పదో పాట, అంటే ఆఖరిది: పాట మూడు నిమిషాల్లో అయిపోయింది, ఫైల్ మాత్రం ఐదు నిమిషాలు ఉంది. మిగతాదంతా ఖాళీ. తీవ్రత: తక్కువ.’ ఆ ఖాళీ మొదలవగానే హెడ్‌ఫోన్స్ తీసేశాను.

మొత్తం ముప్పై ఎనిమిది లోపాలు తేలాయి. సోమవారం మందు ఎక్కించే గదిలో, చేతికి సూది పెట్టించుకుని కూర్చున్న దానికి ఆ షీట్ షేర్ చేశాను. ఫోన్లో చదువుతూ మొదట మూలిగింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే మెషిన్ కూతపెట్టి నర్సు పరిగెత్తుకొచ్చింది. “మా నాన్న నా ఫేవరెట్ ఆల్బమ్‌కి బగ్స్ ఫైల్ చేశాడు” అని ఇంగ్లీషులో ఆవిడకు చెప్పింది. జబ్బు తిరగబెట్టాక అది అలా నవ్వడం అదే మొదలు. నేను గొప్ప పని చేశాననుకున్నాను.

ఆ రోజు నుంచి దారి పొడుగునా అదే వాదన. అది ఒక్కో వరుస తీసుకుని నాకు చెప్పేది. ఆ కళాకారుడి తండ్రి లండన్‌లో బస్సు నడిపేవాడు. ఏం చేసినా మెచ్చుకోని మనిషి. కొడుకు మొదటి ఆల్బమ్ ఊరంతా మోగుతుంటే ఆయన ఒక్కసారి కూడా వినలేదట.

“ఫస్ట్ ఆల్బమ్ అందరి మీద కోపంతో చేశాడు నాన్నా. ఇది వాళ్ళ డాడ్ కోసం చేశాడు. ఒక్క మనిషి కోసం. అందుకే మిగతా వాళ్ళకి నచ్చలేదు.”

“నాన్న కోసమైతే నాన్నని తిట్టడమెందుకు?”

“తిట్టాక ఏం చేశాడో విను.”

నేను వినేవాణ్ణో లేదో చెప్పలేను. రోడ్డు చూసేవాణ్ణి, టైమ్ చూసేవాణ్ణి. ఎనిమిది నలభై ఐదుకల్లా రక్తపరీక్ష దగ్గర ఉండాలి. ఆల్బమ్ నలభై నాలుగు నిమిషాలు, దారి నలభై. ఆసుపత్రి పార్కింగ్ డెక్‌లో మూడో అంతస్తుకు చేరి కారు ఆపేసరికి ఆఖరి పాట ఎప్పుడూ ఆ ఖాళీలోనే ఉండేది. నేను బటన్ నొక్కి ఇంజన్ ఆపేసేవాణ్ణి.

“రెండు నిమిషాలు నాన్నా. అవలేదు.”

“అయిపోయిందిగా. ఏమీ రావట్లేదు.”

“వస్తుంది. ఆగు.”

“లేటవుతుందమ్మా. రేపు విందాం.”

ఆ తర్వాతి రోజూ ఇదే. అందులో ఏముందో చెప్పమంటే చెప్పేది కాదు. చెప్తే నువ్వు విన్నట్టు కాదు అనేది. తిరుగు ప్రయాణంలో అది కళ్ళు మూసుకుని, వెనక్కి వాలిపోయి ఉండేది. పాటలు పెట్టే ఓపిక దానికి ఉండేది కాదు. అలా వసంతమంతా గడిచింది. పైన్ చెట్ల పచ్చటి పుప్పొడి కార్ల మీద పేరుకుంది, వానలకు కొట్టుకుపోయింది. మందులు పని చేయడం మానేశాయి.

జూన్‌లో డాక్టర్ మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి ఇక ఆపేద్దామంది. మంచి మనిషి, కళ్ళలోకి చూసి చెప్పింది. ఇంటి దగ్గరే హాల్లో మంచం వేశాం. ఒక మధ్యాహ్నం మా ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు అది నా చేయి పట్టుకుంది.

“ఫ్యూనరల్‌లో ఆ లాస్ట్ సాంగ్ పెట్టు నాన్నా. మొత్తం. చివరిదాకా. భజనలు నాకు తెలీదు, నా ఫ్రెండ్స్‌కీ తెలీదు.”

“అలాంటి మాటలు మాట్లాడకు.”

“ప్రామిస్ చెయ్.”

చేతిలో చేయి వేశాను. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. బతిమాలి ఒప్పించుకున్న మాట కాదది. ఒక్కసారి అడిగింది, నేను ఒప్పుకున్నాను.

పన్నెండు రోజులకు పోయింది. ఇరవై రెండేళ్ళు నిండలేదు.

ఇక్కడ చావు కూడా బుకింగ్ మీదే జరుగుతుంది. ఫ్యూనరల్ హోమ్‌లో మాకు దొరికింది రెండు గంటలు. పదకొండు నుంచి ఒంటిగంట. మా తెలుగువాళ్ళలో ఇలాంటివి దగ్గరుండి నడిపించే పెద్దాయన ఒకరున్నారు. ఏ ఇంట్లో ఏ కష్టమొచ్చినా ముందు ఆయనే వస్తారు. పురోహితుణ్ణి, పూలను, గంగాజలాన్ని, దర్భలను అన్నీ ఆయనే సమకూర్చారు. ఆ వారం ఆయన లేకపోతే మేము నిలబడగలిగేవాళ్ళం కాదు. ముందే ఇది చెప్తున్నాను, ఎందుకంటే జరిగిన తప్పు ఆయనది కాదు.

ముందురోజు సాయంత్రం నేను ఆ పాటను ఫోన్లో సవరించాను. ఒకే ఒక బూతు ఉంది, తీసేశాను. చివరి ఖాళీని కూడా కత్తిరించాను. అంతమంది మధ్య రెండు నిమిషాలు ఏమీ వినపడకపోతే స్పీకర్ పాడైందనుకుంటారని నా భయం. మొత్తం పెట్టమంది, చివరిదాకా అంది, నా చెవులతో విన్నాను. అయినా కత్తిరించాను. నా కూతురి ఆఖరి కోరికను కూడా టెస్ట్ చేసి, నాకు నచ్చినట్టు సరిచేసుకున్న మనిషిని నేను.

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో మా వాళ్ళు తెల్లబట్టల్లో. వెనక గోడ పొడుగునా దాని కాలేజీ స్నేహితులు నల్లబట్టల్లో నిలబడ్డారు. పెట్టెలో అది పసుపు రంగు చీరలో ఉంది. మా ఆవిడ కట్టింది. పురోహితుడు మంత్రాలు ముగించి, ఇక ఎవరైనా మాట్లాడొచ్చన్నారు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని స్పీకర్ దగ్గరికి నడిచాను. పెద్దాయన నా పక్కకు వచ్చి మెల్లగా అడిగారు.

“ఏం పెడుతున్నారండీ?”

“అమ్మాయికి ఇష్టమైన పాట. తనే అడిగింది. ఇంగ్లీష్ పాట, హిప్ హాప్.”

ఆయన పంతులుగారి వైపు ఒకసారి చూశారు. “మీ ఇష్టం అనుకోండి. కానీ పంతులుగారున్నారు, పెద్దవాళ్ళున్నారు. ఈ టైమ్‌లో అలాంటిదంటే నలుగురిలో బాగుంటుందంటారా? మీరు ఆలోచించండి. మీరెలా అంటే అలా.”

అంతే. ఆయన వద్దనలేదు. నా చేతిలోంచి ఫోన్ లాక్కోలేదు. నలుగురూ ఏమనుకుంటారో అన్న ఆలోచన ఒక్కటి చాలింది నాకు. ముందు వరసలో కూర్చున్న వాళ్ళ మొహాలు చూశాను. వంటల లిస్టులో పేరు రాయనివాళ్ళు కూడా అందులో ఉన్నారు. వాళ్ళ మర్యాద కోసం నా బిడ్డకిచ్చిన మాట జేబులో పెట్టేసుకున్నాను. విష్ణు సహస్రనామం పెట్టారు. అందరూ కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. వెనక గోడ దగ్గర పిల్లలు మాత్రం కళ్ళు తెరిచే ఉన్నారు. ఏ పాట రావాలో వాళ్ళకు తెలుసు. అది వాళ్ళకు ముందే చెప్పిపెట్టింది.

బయట, కార్ల దగ్గర, దాని రూమ్మేట్ నా దగ్గరికి వచ్చింది. మన పిల్లే, మిషిగన్‌లో ట్రాయ్ నుంచి కారేసుకుని వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది.

“అంకుల్, ఆ సాంగ్?”

“స్పీకర్ పని చేయలేదమ్మా.”

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో పని చేయని వస్తువులను ఎన్నో పట్టుకున్నాను. బాగున్న వస్తువు మీద అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. ఆ పిల్ల తల ఊపి వెళ్ళిపోయింది. నమ్మలేదని నాకు తెలిసింది. మా ఆవిడ పక్కనే ఉండి అంతా విన్నది. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుని, ఇక పోనివ్వండి అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

కర్మకాండలన్నీ అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఒక సోమవారం ఆఫీస్ పని మొదలుపెడదామని పొద్దున్నే మేడ మీద గదిలో లాప్‌టాప్ తెరిచాను. ఏదో వెతుకుతుంటే పాత షీట్ల మధ్య అది కనిపించింది. నా ముప్పై ఎనిమిది లోపాల షీట్. చివరిసారి దాన్ని మార్చింది నేను కాదు. మా అమ్మాయి. హాల్లో మంచం మీద ఉన్న రోజుల్లో.

ప్రతి వరుసలోనూ స్టేటస్ మార్చింది. ‘వర్క్స్ యాజ్ డిజైన్డ్.’ మా భాషలో దానర్థం, ఇది తప్పు కాదు, తెలిసే ఇలా చేశారు అని. పక్కన చిన్న చిన్న వివరణలు. తండ్రిని తిట్టిన చోట: ‘ఆయన వింటాడేమో అని టెస్ట్ చేస్తున్నాడు.’ పదకొండుసార్లు అన్న చోట: ‘పదోసారి దాకా ఎవరూ పట్టించుకోలేదు.’ ఊపిరి శబ్దం చోట: ‘ఇది నాకు తెలుసు నాన్నా. మెట్లెక్కితే నాకూ ఇలాగే.’ ఏడుస్తూ పాడిన చోట ఏమీ రాయలేదు. స్టేటస్ మాత్రం మార్చింది.

ఏదీ క్లోజ్ చేయలేదు. చిన్నప్పుడు నేను నేర్పిన రూల్ అది. ఓపెన్ చేసింది నేను కాబట్టి నేనే క్లోజ్ చేయాలి. ఒక్కొక్కటీ చదివి క్లోజ్ చేస్తూ వెళ్ళాను. కళ్ళనీళ్ళకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ముప్పై ఎనిమిది అయ్యాక కింద ఇంకొక వరుస ఉంది. నేను రాసింది కాదు.

‘ముప్పై తొమ్మిది. టెస్టర్ ఆఖరి పాట చివరిదాకా వినలేదు. పార్కింగ్ డెక్, మూడో అంతస్తు. ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది. తీవ్రత: ఒకటి. సరిచేయాల్సింది: నాన్న. ఓపెన్ చేసింది: నేను.’

లాప్‌టాప్ పట్టుకుని కిందికి వెళ్ళి మా ఆవిడకు చూపించాను. స్టవ్ ఆపేసి నిలబడి చదివింది. రెండుసార్లు చదివింది.

“ఇప్పుడే వెళ్దాం పదండి.”

“ఇప్పుడు కాదు. రేపు పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాలి. అదే ట్రాఫిక్ ఉండాలి.” లోపం ఎలా బయటపడిందో అలాగే మళ్ళీ చేసి చూడాలి, లేకపోతే లెక్కలోకి రాదు. ఆవిడకు ఇలాంటివంటే ఒళ్ళు మంట. ఆ రోజు మాత్రం సరేనంది.

మర్నాడు ఎనిమిదింటికి బయల్దేరాం. మా ఆవిడ వెనక సీట్లోనే కూర్చుంది. ముందు సీటు ఖాళీ. ఆ తలుపు అరలో వాడని వాంతి సంచి ఒకటి ఇంకా ఉంది. ఆల్బమ్ మొదటి నుంచి పెట్టాను. ఈసారి దాన్ని విన్నాను. ఆ యాస ఎప్పుడు అలవాటైందో నాకే తెలియదు, ప్రతి మాటా అర్థమైంది. బూతులూ అర్థమయ్యాయి. ప్రతి బూతు ముందూ అతను కొంచెం ఆగుతాడని అప్పుడు తెలిసింది, తలుపు తట్టి ఎవరైనా వస్తారేమోనని చూసినట్టు.

డెక్ మూడో అంతస్తులో కారు ఆపేసరికి ఆఖరి పాట అయిపోయి ఖాళీ మొదలైంది. నా చేయి అలవాటుగా బటన్ మీదికి వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. ఏమీ లేదు. కార్లు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. ఎవరో ఒకామె తలకు గుడ్డ కట్టుకున్న కొడుకును లిఫ్ట్ వైపు నడిపిస్తోంది. నిమిషం దాటింది.

అప్పుడు కుర్చీ కిర్రుమన్న శబ్దం వచ్చింది. ఎవరో పెద్దాయన దగ్గాడు. ఏదో మామూలు గదిలో, మామూలు ఫోన్లో రికార్డ్ చేసినట్టుంది. ఎలా ఉంది డాడ్ అని ఆ కళాకారుడు అడిగాడు. అంతసేపు అంత గొంతేసుకుని పాడిన మనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు. కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత తండ్రి బొంగురు గొంతుతో, విసుగ్గా అన్నట్టే ఒక్క మాట అన్నాడు. ఆల్బమ్ అక్కడితో అయిపోయింది.

“ఏమన్నాడు ఆయన?” మా ఆవిడకు ఆ యాస అందలేదు.

నేను మొహం తుడుచుకున్నాను. ఆవిడ వెనక నుంచి నా భుజం మీద చేయి వేసింది.

“మళ్ళీ పెట్టమంటున్నాడు. మొదటి నుంచి” అన్నాను.

“పెట్టండి మరి” అంది.

పెట్టాను. అక్కడే, ఇంజన్ ఆపకుండా, నలభై నాలుగు నిమిషాలూ కూర్చున్నాం. ఎక్కడికీ లేటవలేదు. ఏ రక్తపరీక్ష దగ్గరా ఎవరూ మాకోసం ఎదురుచూడటం లేదు.

ఇంటికి వచ్చి షీట్ తెరిచాను. ముప్పై తొమ్మిదో వరుసలో స్టేటస్ ‘సరిచేశాను’ అని మార్చాను. ఆలస్యంగా అని కూడా రాశాను. మళ్ళీ పరీక్షించాల్సింది ఎవరు అన్నచోట దాని పేరు పెట్టాను. అంతకుమించి నేను చేయగలిగింది లేదు. ఓపెన్ చేసినవాళ్ళే క్లోజ్ చేయాలి. ఆ రూల్ మా ఇంట్లో పెట్టింది నేనే.